బోనులో ప్రింటరు

రెండువేల ఎనిమిదో సంవత్సరం, శ్రావణ శుక్రవారం, రాహుకాలం వెళ్ళిన పది నిమిషాలకు, ఉక్కునగరంలో మా బ్లాకు రెండో నంబరు క్వార్టరులో, తీగ లేకుండా పనిచేసే ప్రింటరు ప్రతిష్ఠ జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. హాజరైన ఎనిమిది కుటుంబాలకూ పులిహోర పంపిణీ చేయడమైనది. ప్రింటరుకు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. కింద నిమ్మకాయ పెట్టి తొక్కించడానికి దానికి చక్రాలు లేకపోవడం ఒక్కటే లోటుగా కనిపించింది.

ప్రింటరు యజమాని చలమయ్యగారిది రాజోలు వైపు. కర్మాగారంలో ప్రమాదాల నివారణ విభాగంలో ఇరవై ఏళ్ళ సర్వీసు. తలమీద హెల్మెట్ ఉండి, గడ్డం కింద పట్టీ బిగించని మనిషిని ఆయన అరమైలు దూరం నుంచి పట్టుకోగలరు. జాగ్రత్త ఆయనకు ఉద్యోగం కాదు, స్వభావం. వాళ్ళ స్నానాలగదికి 'నేల జారును' అని బోర్డు ఉంటుంది. బాల్కనీలో ఉయ్యాలకు 'ఇద్దరు మాత్రమే' అని రాసి ఉంటుంది. పొయ్యి దగ్గర ఇసుక బకెట్టు ఉంటుంది. అందులో ఆయన భార్య కొత్తిమీర వేసిందనేది వేరే విషయం.

అటువంటి మనిషి ప్రింటరు భద్రతను గాలికి వదిలేస్తాడా? గాజువాకలో వెల్డరు దగ్గర కూర్చుని, అరంగుళం ఊచలతో బోను చేయించారు. ఉక్కు ఊళ్ళో ఏ సమస్యకైనా మొదటి పరిష్కారం వెల్డింగే కదా. ప్రింటరును బోనులో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. పక్కన అగ్నిమాపక సిలిండరు నిలబెట్టారు. పిల్లి కూడా కాగితం ముట్టుకోలేని ఏర్పాటు అది.

ఇక మిగిలింది పాస్‌వర్డు. ప్రింటరునూ, దానికి గాల్లో సంకేతం పంపే వైఫై పెట్టెనూ బిగించడానికి వచ్చిన జగ్గారావు ఆ మాట ఎత్తనే ఎత్తాడు.

"సార్, పాస్‌వర్డు పెట్టమంటారా, ఒగ్గీమంటారా?"

"పెడితే ఏమవుద్దండి?"

"పెడితే మీరు మర్సిపోతారు. మర్సిపోతే మళ్ళీ నాను రావాల."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే ఏ గొడవా నేదు."

చలమయ్యగారి భార్య గంగాభవానిగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "మరి బయటవాళ్ళెవరైనా వాడేసుకోరా బాబూ?" అని అడిగారు.

జగ్గారావు ఇంటి నాలుగు మూలలా చూసి, "గోడలున్నాయి కదమ్మా," అన్నాడు.

సాంకేతిక నిపుణుడే గోడలు చూసి చెప్పాక ఇక సందేహమేముంది? అయినా ఆవిడ ఊరుకోలేదు. ప్రింటరుతో, వైఫై పెట్టెతో కలిపి వచ్చిన చిన్న పుస్తకం తీసి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డును మొదటిరోజే మార్చమని ఇందులో నల్లక్షరాలతో రాశారండీ అన్నారు. చలమయ్యగారు నవ్వేశారు. "మన బ్లాకులో దొంగలెవరున్నారే? అందరూ మనవాళ్ళే. తాళం వేస్తే వాళ్ళేమనుకుంటారు?" అన్నారు. ఇంటి తలుపుకు మూడు గడియలు, ఒక గొలుసు ఉన్నాయనీ, వాటిని చూసి ఇంతవరకూ ఎవరూ ఏమీ అనుకోలేదనీ ఆవిడ అనబోయి మానుకున్నారు.

గంగాభవానిగారి గురించి కూడా చెప్పాలి. రాజమండ్రిలో బి.ఏ. చదివారు, సంగీతం నేర్చుకున్నారు. రోజూ పదిన్నర నుంచి పన్నెండు దాకా ముందుగదిలో పదకొండు మంది గృహిణులకు సరళీస్వరాలు చెబుతారు. పదకొండు మందిలో శ్రుతి అందినవారు ఇద్దరు. ఉత్సాహం మాత్రం అందరికీ అందింది. అందరికంటే గట్టి గొంతు దేముడమ్మది. ఆమె భర్త సన్యాసిరాజు క్రేను ఆపరేటరు. చోడవరం పక్క పల్లె నుంచి వచ్చిన వ్యవసాయ కుటుంబం వాళ్ళది. ఈ ఇంటికి సరిగ్గా పై ఇల్లు. చలమయ్యగారిని 'బావా' అనీ, గంగాభవానిగారిని 'అక్కా' అనీ నోరారా పిలుస్తాడు. "అక్క పాడితే కోయిలే బావా," అని ఎన్నోసార్లు నా ఎదటే అన్నాడు.

తీగలేని ప్రింటరుకు తీగ లేదన్న సంగతి చూసినవాళ్ళు మాత్రమే నమ్ముతారు గనక, చలమయ్యగారు మర్నాటి నుంచి సీడీ జేబులో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఎవరింట్లో కంప్యూటరు ఉంటే అందులో తన ప్రింటరును ఎక్కించారు. "మీ ఇంట్లో నొక్కండి, మా ఇంట్లో వస్తది, ఆయ్!" అన్నారు. నొక్కాం. వచ్చింది. వాళ్ళ బ్రాడ్‌బ్యాండు కూడా గోడలు దాటి మా ఇళ్ళల్లోకి వచ్చింది. దాన్ని వద్దని వెనక్కి పంపడం మర్యాద కాదు గనక మేం అందరం వాడుకున్నాం. ఆ నెలలో మా బ్లాకులో ముగ్గురు తమ సొంత కనెక్షన్లు తీయించేసి దేశానికి పొదుపు చేశారు. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి.

ఆ తర్వాత ప్రింటరు తనంతట తాను పనిచేయడం మొదలుపెట్టింది. ఒకరోజు వ్రతానికి కావలసిన సామాన్ల జాబితా వచ్చింది. ఇంకోరోజు పరవాడ మందుల కంపెనీలో ఉద్యోగానికి ఎవరిదో దరఖాస్తు వచ్చింది. పెళ్ళికొడుకు జాతకం వచ్చింది. మేమంతా ఏదో ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కేవాళ్ళం. కాగితం మాత్రం బోనులో పడేది. చలమయ్యగారు డ్యూటీ నుంచి రాగానే తాళం తీసి, కుర్చీ వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆనాటి కాగితాలు మొదటినుంచి చివరిదాకా చదివేవారు. చదవకపోతే ఎవరివో ఎలా తెలుస్తుంది? తెలియకపోతే ఎలా అందజేస్తారు? ఇది పూర్తిగా సేవాభావంతో చేసిన పని అని గమనించగలరు.

ఊరికే అందజేయడం కాదు, సలహా కూడా ఇచ్చేవారు. పరవాడ దరఖాస్తు పెట్టుకున్నాయన ఇంటికి వెళ్ళి, "అక్కడ వాసనండి, మీకు పడదు," అన్నారు. ఆయన భార్యకు ఆ దరఖాస్తు సంగతి అప్పుడే తెలిసింది. మా ఇంటికి ఆయన వచ్చింది మా బావమరిది పెళ్ళిచూపుల రోజున. పిల్ల తరఫువాళ్ళు కాఫీలు తాగుతున్నారు. చలమయ్యగారు గుమ్మంలో నిలబడి, 'మొలలకు ఇంటి వైద్యం' అనే రెండు పేజీల వ్యాసం నా చేతికిచ్చి, "ముందు మీరు పచ్చిమిరపకాయ మానెయ్యాలండి," అన్నారు. ఆ మాటలో ప్రేమ తప్ప మరేమీ లేదని నాకు తెలుసు. పెళ్ళివారికి తెలియలేదు.

గంగాభవానిగారు మధ్యమధ్య అడుగుతూనే ఉన్నారు. "ఇతరుల కాగితాలు చదవడం తప్పు కదండీ. ఆ పాస్‌వర్డేదో పెట్టేద్దాం." చలమయ్యగారు ప్రతిసారీ వచ్చే ఆదివారం పెడదామనేవారు. రోజూ పొద్దున్న వచ్చే పేపరు కంటే బోనులో పేపరు ఎక్కువ రుచిగా ఉందని బాహాటంగా అనలేరు కదా.

ఆశ్వయుజంలో ఒక బుధవారం నాడు బోనులో రెండు పేజీల కాగితం మూడు ప్రతులుగా పడింది. చలమయ్యగారు ఎప్పటిలాగే కుర్చీ వేసుకున్నారు. తెలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరాలు. కూడబలుక్కుని చదివితే సారాంశం ఇది:

"టౌన్‌షిప్ అధికారులకు ఒక శ్రేయోభిలాషి దండాలు పెట్టి రాయునది. రెండో నంబరు క్వార్టరులో అనుమతి నేకుండా సంగీతం బడి నడుపుతన్నారు. పదకొండు మంది ఆడోళ్ళు ఒక్కసారే అరుస్తన్నారు. రేతిరంతా సి షిఫ్టు సేసి వచ్చినోడికి నిద్దర నేదు. మొన్న క్రేను మీద కునుకు పట్టీసింది. కిందన మనుసులున్నారు. కనుక ఆ క్వార్టరు ఖాళీ చేయించవలసిందిగా కోరడమైనది."

కింద సంతకం లేదు. ఆకాశరామన్న ఉత్తరానికి సంతకం ఉండకూడదు, అది సంప్రదాయం. అయితే రాసినవాడు కొత్త కాగితం తెరవకుండా, తన పాత సెలవుచీటీ మీదే టైపు చేశాడు. ఆ చీటీ తోక రెండో పేజీలో మిగిలిపోయింది: 'కావున మూడు రోజులు సెలవు ఇప్పించగలరు. ఇట్లు, సన్యాసిరాజు, క్రేన్ ఆపరేటరు.' టోకెన్ నంబరుతో సహా. పెన్‌డ్రైవులో దాచుకుందామని ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కాడు. ఏమీ జరగలేదనుకుని మరో రెండుసార్లు నొక్కాడు.

చలమయ్యగారు కుర్చీలోంచి లేచిన చప్పుడు మా ఇంటిదాకా వినిపించింది. మా క్వార్టర్ల గోడలు గట్టివే. కోపం వాటికంటే గట్టిది.

"కోయిలన్నాడే! నీ చేత్తో చేసిన పూతరేకులు తిన్నాడే! ఇల్లు ఖాళీ చేయిస్తాడంట!"

గంగాభవానిగారు కాగితం తీసుకుని ఒకసారి చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. 'కిందన మనుసులున్నారు' అన్నచోట ఆగిపోయారు. తర్వాత, "స్నానం చేసి రండి, అన్నం పెడతాను," అన్నారు.

మర్నాడు ఒంట్లో బాగోలేదని సంగీతం క్లాసు మాన్పించారు. బీరువా మీంచి ఆ చిన్న పుస్తకం దింపారు. దానిలో పదకొండు భాషలున్నాయి, తెలుగు లేదు. ఇంగ్లీషు పేజీలు పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివారు. పన్నెండింటికి కంప్యూటరు ముందు కూర్చున్నారు. ముందుగా వైఫై పెట్టెకు ఫ్యాక్టరీవాళ్ళు పెట్టిన పాస్‌వర్డు మార్చారు. ఆ పాస్‌వర్డు ప్రపంచంలో అలాంటి పెట్టెలన్నిటికీ ఒకటేనని చదివి ఆశ్చర్యపోయారు. తర్వాత గాల్లో తిరిగే సంకేతానికి గట్టి తాళం వేశారు. ప్రింటరుకు విడిగా ఒకటి, కంప్యూటరుకు విడిగా ఒకటి పెట్టారు. పుట్టినరోజులూ దేవుళ్ళ పేర్లూ పెట్టవద్దని పుస్తకం చెప్పింది గనక పెట్టలేదు. మధ్యాహ్నం రెండున్నరకు మా బ్లాకులో ఏడు ఇళ్ళల్లో ఒకేసారి ఇంటర్నెట్ ఆగిపోయింది. ఏదో సముద్రగర్భంలో కేబులు తెగి ఉంటుందని మేం నిర్ధారణకు వచ్చాం.

ఇంతా చేసి, ఆవిడకు బోను తాళంచెవి అవసరమే రాలేదు. అది క్షేమంగా చలమయ్యగారి మొలతాడుకు ఉండి, ఆయనతోపాటు డ్యూటీ చేస్తూ ఉంది.

ఆ సాయంత్రం ఆవిడ కాగితాలు తీసుకుని పై ఇంటికి వెళ్ళారు. సరిగ్గా ఆ సమయంలో నేను మెట్ల మీద చెప్పు పట్టీ సరిచేసుకుంటూ ఉండటం కాకతాళీయం. పట్టీ సరికావడానికి పావుగంట పట్టింది.

సన్యాసిరాజు తలుపు తీసి, "రా అక్కా, రా. దేముడమ్మ బజారుకెల్లింది," అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కూర్చోను తమ్ముడూ. నీ కాగితం మా ఇంట్లో పడింది. ఇచ్చిపోదామని వచ్చాను. రెండో పేజీలో నీ పేరూ టోకెన్ నంబరూ ఉండిపోయాయి. అవి తీసేసి పంపుకో."

కుర్చీ ఈడ్చిన చప్పుడు, అతను కూలబడిన చప్పుడు.

"తప్పైపోనాదక్కా."

"తప్పు సంగతి తర్వాత. క్రేను మీద కునుకు పట్టిన మాట నిజమేనా?"

"నిజిమేనక్కా. రెండు క్షణాలు. కళ్ళు తెరిసీసరికి బకెట్టు ఊగతంది. నిండా కరిగిన ఉక్కు. కిందన ఇద్దరున్నారు, ఒకడు బీడీ తీత్తన్నాడు. ఆడికి తెలీదు." కుర్చీ కిర్రుమంది. "ఆ రోజు నుంచి నిద్దరొచ్చినా పడుకోడానికి భయమేత్తంది. పగలు కన్ను మూత్తే సరిగమలు, రేతిరి కన్ను మూత్తే బకెట్టు."

"మరి నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"ఎలా సెప్తానక్కా? బావేమో పెద్దమనిసి. మా ఆవిడేమో నీ కాడే నేర్సుకుంటంది. అందరికంటే దాని గొంతే ఎక్కువ వినబడతాది. ఎదురుగుండా సెప్తే బాగోదు కదా."

"ఇల్లు ఖాళీ చేయించమని రాస్తే బాగుంటుందా?"

"కాయితం మీద నా పేరుండదు కదక్కా," అన్నాడు సన్యాసిరాజు. అందులో వెటకారం లేదు. పాపం, నిజంగానే అన్నాడు. మనం ఎవరమైనా అదే అంటాం.

గంగాభవానిగారు కాగితాలు బల్ల మీద పెట్టారు. "నీ షిఫ్టుల కాగితం ఒకటి నాకియ్యి. నీకు సి షిఫ్టు ఉన్న వారాలు క్లాసు సాయంత్రం పెడతాను. ఈ ఇరవై మెట్లూ దిగి ముందే వచ్చి ఉంటే ఎప్పుడో మార్చేదాన్ని," అన్నారు. నేను ఆవిడ దిగేలోగా చెప్పు వేసుకుని పైకెక్కిపోయాను.

కింద ఇంట్లో ఈలోగా చలమయ్యగారు డ్యూటీ నుంచి వచ్చి, తానూ ఒక శ్రేయోభిలాషిగా మారాలని నిశ్చయించుకున్నారు. 'క్రేను మీద నిద్రపోవు ఆపరేటరు గురించి' అని నాలుగు ఠావుల చిత్తుప్రతి పెన్సిలుతో సిద్ధం చేశారు. చేతిరాత గుర్తుపడతారేమోనని టైపు చేయడానికి కంప్యూటరు తెరిచారు. అది పాస్‌వర్డు అడిగింది.

"భవానీ! దీనికేదో రోగమొచ్చిందే!"

"రోగం కాదు, తాళం. నేనే వేశాను," అన్నారు ఆవిడ లోపలికి వస్తూ.

"ఏమిటది? చెప్పు."

"ఏం ప్రింటు తీయాలో చెప్పండి, తీసిస్తాను."

చలమయ్యగారు చిత్తుప్రతిని వీపు వెనక దాచారు. ఆవిడ చేయి చాచారు. ముప్పై ఏళ్ళ సంసారంలో ఆ చేయికి ఇవ్వకుండా నిలిచిన కాగితం లేదు. ఆవిడ నాలుగు ఠావులూ చదివి, "అక్షరదోషాలు లేవు," అన్నారు.

"క్రేను మీద నిద్రపోతే మనుషులు పోతారే. రిపోర్టు చెయ్యడం నా ధర్మం."

"చెయ్యండి. మీ పేరు పెట్టి చెయ్యండి. నిద్ర ఎందుకు చాలలేదో కూడా రాయండి. ప్రమాదాల నివారణవారి ఇంట్లోనే రోజూ పదిన్నరకు ప్రమాదం మొదలవుతోందని రాయండి."

చలమయ్యగారు చాలాసేపు ఉయ్యాల మీద కూర్చున్నారు. ఎనిమిది గంటలకు, షిఫ్టుకు బయల్దేరకముందే సన్యాసిరాజు ఇంటి తలుపు తట్టారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అప్పుడు నా రెండు చెప్పుల పట్టీలూ బాగానే ఉన్నాయి. ఆ రాత్రి సన్యాసిరాజు షిఫ్టుకు వెళ్ళలేదని మాత్రం తెలుసు. ఇద్దరూ కలిసి వెళ్ళి పై అధికారికి ఉన్నదున్నట్టు చెప్పారనీ, వారం రోజులు అతన్ని క్రేను దింపి నేలపని ఇచ్చారనీ దేముడమ్మ చెప్పింది. తర్వాత వచ్చిన సి షిఫ్టు వారంలో, పొద్దున్న పది గంటలకు గ్యాసు బండ దొర్లించుకుంటూ వస్తున్న మనిషికి చలమయ్యగారు మెట్ల దగ్గర ఎదురెళ్ళారు. "మెల్లగండి, పైన మనిషి పడుకున్నాడు," అని రెండో పక్క తాను పట్టుకున్నారు. నడుం పట్టేసి రెండ్రోజులు సెలవు పెట్టారు.

కథ ఇక్కడితో సుఖాంతం అయ్యేదే. కాని మా ఇళ్ళల్లో ఇంటర్నెట్ రాలేదు. సముద్రగర్భంలో ఏ కేబులూ తెగలేదనీ, రెండో నంబరువాళ్ళు పాస్‌వర్డు పెట్టారనీ మూడో రోజున తెలిసి బ్లాకు దిగ్భ్రాంతి చెందింది. ఇరుగుపొరుగును దొంగలుగా చూస్తారా? ఎవరికివారు తలుపులేసుకుని ప్రయత్నించారు. సింహాచలం కొట్టి చూశారు, అన్నవరం కొట్టి చూశారు, ఆవిడ పుట్టినరోజు కనుక్కుని అదీ కొట్టి చూశారు. పాస్‌వర్డు లొంగలేదు. దాంతో సంక్షేమ సంఘం అత్యవసర సమావేశం జరిగింది.

అధ్యక్షుడు మోహనకృష్ణగారు ముప్పావుగంట మాట్లాడారు. "మిత్రులారా! గాలి అందరిదీ. గాల్లో వచ్చేది కూడా అందరిదే. తాళం అనేది పాశ్చాత్య సంస్కృతి. మన సంస్కృతి పంచుకోవడం. కాబట్టి భద్రతా కారణాల దృష్ట్యా సదరు పాస్‌వర్డును నోటీసు బోర్డులో పెద్దక్షరాలతో ప్రదర్శించాలని తీర్మానిస్తున్నాం," అన్నారు. చప్పట్లు కొట్టాం. తీర్మానం మీద ఆయన కళ్ళజోడు కోసం ఇంటికి వెళ్ళి, అక్కడే సంతకం పెట్టి, తలుపు తాళం వేసుకుని, తాళం రెండుసార్లు లాగి చూసుకుని, మెట్లు దిగి వచ్చి ఇచ్చారు.

చివర గంగాభవానిగారు లేచారు. "పాస్‌వర్డు ఇవ్వను. మీ కాగితాలు ఇన్నాళ్ళూ మా ఇంట్లో చదివాం, అందుకు క్షమించండి. ఇక ఎవరివీ చదవం. ఎవరికైనా ప్రింటు కావాలంటే వచ్చి తలుపు కొట్టండి, తీసిస్తాను. మా మీద ఏదైనా చెప్పాలన్నా అదే తలుపు కొట్టండి. కాగితం అక్కర్లేదు," అన్నారు.

ఇందాకటికంటే గట్టిగా చప్పట్లు కొట్టాం. ఎంత చక్కగా చెప్పారమ్మా అన్నాం. బ్లాకుకే కళ్ళు తెరిపించారన్నాం. దేముడమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను స్వయంగా వెళ్ళి ఆవిడకు నమస్కారం పెట్టాను.

మర్నాడు పొద్దున్న చలమయ్యగారి తలుపు కిందనుంచి నాలుగు ఉత్తరాలు లోపల పడి ఉన్నాయట. నాలుగూ ఎడమచేత్తో రాసినవి. నాలుగింటిలోనూ ఆవిడకు పొగరనే ఉందట. కింద 'ఒక శ్రేయోభిలాషి' అని ఉందట.

మిగతా మూడూ ఎవరు రాశారో నాకు నిజంగా తెలియదు.